నడక వెడల్పు

ఆ ఏడు మిన్నీ మామ్మ కొట్టంలో పదకొండు జతల మంచుచెప్పులు వేలాడుతున్నాయి. లోతు మంచులో కూరుకుపోకుండా కాలికి కట్టుకునే తోలు అల్లిక చట్రాలవి. చెప్పులని పేరే గాని వాటి మర్యాద వేరు. అవి గుమ్మం బయట విడిచేవి కావు, గోడకెక్కేవి. వాటి మీదనుంచి దాటకూడదు, కాలితో తోయకూడదు, పొయ్యి పక్కన పెట్టకూడదు. కుక్కకి అందాయా, తెల్లారేసరికి చట్రం మిగులుతుంది, అల్లిక దాని కడుపులో ఉంటుంది.

రోడా కొట్టం గుమ్మంలోనే నిలబడిపోయింది. వీపున శాలువా మూటలో పదహారు నెలల ఐవీ నిద్రపోతోంది. పిల్ల ముక్కు తన మెడకి తగులుతోందా లేదా అని రోడా క్షణానికోసారి తల తిప్పి చూసుకుంటోంది. తోలు వాసన, పొగ వాసన, పాత కర్ర వాసన కలిసి ఆ కొట్టంలో గుళ్ళోలాంటి గాలి ఉంది. గోడకున్న ప్రతి జతా ఎవరో ఒకరి నడక. కొన్ని సన్నగా, పొడుగ్గా, ముక్కు పైకి తిరిగి ఉన్నాయి. కొన్ని ఎలుగుబంటి పంజాలా గుండ్రం. కొన్నిటికి వెనక తోక. అంచుల వెంట ఎర్ర ఊలు కుచ్చులు. అల్లికలో కళ్ళు ఎంత సన్నగా ఉన్నాయంటే, కిటికీలోంచి వచ్చిన వెలుగు వాటిగుండా జల్లెడ పట్టినట్టు నేలమీద రాలుతోంది.

మార్చి రాగానే ఈ మంచుసీమ ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు నాలుగు రోజులు నడిచి, గడ్డకట్టిన పొడుగు సరస్సు దాటి, ఆవలి ఒడ్డుకి వెళ్తారు. మామ్మ పుట్టింది అక్కడే, గుడారంలో. ఈసారి ఐవీకి తొలి అడుగు వేడుక ఆ ఒడ్డునే చెయ్యాలనుకున్నారు. ఆ వేడుక అయ్యేదాకా బిడ్డ పాదం ఆరుబయట నేలకి తగలకూడదు. ఇంట్లో ఎంత గెంతినా సరే, గడప దాటితే చంకనో వీపుననో ఉండాల్సిందే. అందుకే ఐవీ వంటింట్లో బల్ల చుట్టూ పరుగులు తీస్తుందే గాని, ఆకాశం కింద ఇంతవరకు ఒక్క అడుగూ వెయ్యలేదు.

రోడా మనసులో ఒక మొండి కోరిక ఉంది. ఐవీ నెల ముందే పుట్టింది. దక్షిణాన పట్నం ఆసుపత్రిలో గాజుపెట్టెలో ముప్పైయెనిమిది రోజులు ఉంది. పాలు గొట్టం పట్టింది, వేడి దీపం పట్టింది, ఊపిరి యంత్రం పట్టింది. అమ్మ చేసింది ఒక్కటే, గాజుకి అరచేయి ఆనించి నిలబడటం. ఆ ముప్పైయెనిమిది రోజులు రోడాకి ఇప్పటికీ తీరలేదు. అందుకే ఈ ఒక్క పనీ తన ఒంటితో చెయ్యాలి. బిడ్డని ఆ ఒడ్డుకి తన కాళ్ళే మోసుకెళ్ళాలి. మొగుడు క్లేటన్ తన మోటారు మంచుబండి మీద ఒక్క పూటలో ఇద్దరినీ దింపేస్తానన్నాడు, ఎవరూ తప్పు పట్టరన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. సరే, నీ ఇష్టం అన్నాడు. ఇక్కడ ఎవరైనా అనేది అంతే.

అయితే రోడా పట్నంలో పెరిగిన పిల్ల. మంచుచెప్పులు తొడుక్కుని ఊరి చుట్టూ తిరిగిందే తప్ప, బరువు మోస్తూ అడవి దాటలేదు. వారం రోజులుగా ఫోనులో చూసిందే చూసి, చదివిందే చదివింది. అంగట్లో ఆడవాళ్ళకని అమ్మే తేలిక లోహపు చెప్పులు చూసింది, చలికి పుటుక్కున విరుగుతాయేమోనని భయపడి వచ్చేసింది. చదివినదాంట్లో ఆమె బుర్రలో నాటుకుపోయింది ఒక్కటే: బరువు పెరిగితే చెప్పూ పెరగాలి. తన బరువుకి బిడ్డ బరువు కలిపింది, గుడ్డలు కలిపింది, మందుల డబ్బా కలిపింది, అనుమానం కొద్దీ ఇంకో అయిదు కిలోలు కలిపింది.

"ఏ జత మంచిది మామ్మా?" అని అడిగింది.

క్లేటన్ నాయనమ్మ మిన్నీకి డెబ్భై ఆరేళ్ళు. ముడతల మధ్య కళ్ళు రెండు నల్లటి గింజలు. మొహం తిప్పకుండానే, "అన్నీ మంచివే" అంది.

ఆడపడుచు ఫ్లోరీని అడిగింది. ఫ్లోరీ నోట్లో నువ్వుగింజ నానదు. ఊళ్ళో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తియ్యకుండా చెబుతుంది. అలాంటి మనిషి కూడా గోడ వంక చూసి, "అన్నీ మంచివేనే మరదలా. మా మామ్మ చేతివి చెడ్డవి ఎక్కడ దొరుకుతాయి?" అని ఊరుకుంది.

రోడా ఒక్కో జతా దింపి చూసింది. ఆడవాళ్ళవి అరచేయిన్నర వెడల్పుకి కాస్త ఎక్కువ, అంతే. చేత్తో ఎత్తితే రొట్టెముక్కంత తేలిక. అంత తేలిక చూస్తేనే ఆమెకి గుండె జారింది. ఇంత సన్నటి తోలుదారం మీద బిడ్డనా? మంచు కింద ఏ గుంట ఉందో, ఏ వాగుందో? చివరికి ఆమె చేయి అన్నిటికన్నా పైన మేకుకి ఉన్న జత మీద ఆగింది. అది చనిపోయిన తాతది. చేటంత వెడల్పు, ఐవీకన్నా పొడుగు. ఆ జత మీదే ఆయన మూస్ దుప్పి తొడలు వీపునేసుకుని కొండలు దాటేవాడట.

"ఇవి తీసుకుంటాను."

మామ్మ ఆ జత వంక చూసింది, తర్వాత రోడా నడుం వంక చూసింది. లేచి, పాత పట్టీలు విప్పేసి, దీపపు వత్తి గుడ్డతో కొత్త పట్టీలు ఆమె పాదానికి సరిపడా కట్టిచ్చింది. పట్టీలు కూడా కట్టిచ్చిందంటే ఒప్పుకున్నట్టే కదా అని రోడా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆ మనుషుల మధ్య నాలుగేళ్ళు కాపురం చేసి కూడా ఆమె చేసిన పొరపాటు అదే. ఎదుటి మనిషి చేతిలోంచి ఎంపిక లాక్కోవడం ఇక్కడ తిట్టుకన్నా పెద్ద తప్పు. తప్పుదారి పట్టేవాడికి కూడా మొలతాడు బిగించి పంపిస్తారు గాని, అటు వద్దు అనరు.

*

మొదటి రోజు రోడా రాణిలా నడిచింది. తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు, నడుముకి తాడు కట్టి సామాను వేసిన జారుడు చెక్కల్ని లాగుతూ సాగుతున్నారు. ముందు నడిచేవాళ్ళు కొత్త మంచు తొక్కి దారి చేస్తారు, అలిసిపోగానే పక్కకి తప్పుకుని వరస చివర చేరతారు. తాత చెప్పుల మీద రోడా మునగనే లేదు. పీటమీద నిలబడ్డట్టుంది. ఐవీ వీపున కబుర్లు చెబుతోంది. ఎంత భయపడ్డాను, ఇంతేనా అనుకుంది.

రెండో రోజు పొద్దెక్కేసరికి ఆ ఇంతేనా ఎంతో తెలిసింది. వెడల్పు చెప్పులు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా ఉండాలంటే కాళ్ళు ఎడంగా పెట్టాలి, గుర్రం మీద కూర్చున్నవాడిలా. తుంటి దగ్గర మొదలైన నొప్పి తొడ లోపలినుంచి జారి పాదం మీది నరం దాకా దిగింది. కాలెత్తితే ఎవరో లోపల ఎర్రగా కాల్చిన తీగ లాగినట్టుంది. మధ్యాహ్నానికి ఒక చెప్పు అంచు రెండోదాని మీద పడి రోడా బోర్లా పడింది. వెనక్కి పడితే బిడ్డ మీద పడతానని, ముందుకే పడటం ఆ క్షణంలోనే ఒంటికి తట్టింది. మంచు మెడలోకి పోయి ఐవీ గుక్కపట్టి ఏడ్చింది. ఇంకో పది అడుగులకి మళ్ళీ. ఆ తర్వాత మళ్ళీ.

"మరదలా," అంది ఫ్లోరీ వెనకనుంచి, "ఇలా అడుగడుక్కీ సాష్టాంగపడుతూ పోతే సరస్సు చేరేసరికి ఐవీకి పెళ్ళీడు వస్తుంది."

నవ్వారు. రోడా కూడా నవ్వబోయింది, మొహం కదలలేదు. నాలుగోసారి పడ్డాక ఫ్లోరీ ఇంకేం అనకుండా శాలువా ముడి విప్పి, ఐవీని తన వీపుకి కట్టుకుంది. మేనత్త వీపు మీద పిల్ల ఊరుకుని నిద్రపోయింది. సాయంత్రం విడిది దాకా రోడా ఆ చిన్న టోపీ వంక చూస్తూ పంటి బిగువున నడిచింది. బిడ్డ మళ్ళీ తన చెయ్యి అందనంత దూరంలో ఉంది, మళ్ళీ ఇంకెవరో మోస్తున్నారు. మధ్యన గాజు లేదు, అంతే తేడా.

మూడో రోజు తెల్లారేసరికి తుపాను. దేవదారు గుబురు మధ్య వేసిన రెండు గుడారాలు ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. వైర్‌లెస్ రేడియోలో క్లేటన్ గొంతు గరగరమంటూ వినబడింది. గాలి తగ్గాక సామాన్లతో వస్తానన్నాడు. నిన్నటి సంగతి ఫ్లోరీ చెప్పేసినట్టుంది, నువ్వూ ఐవీ బండెక్కండి, ఒడ్డుకి నేనే తీసుకెళ్తాను అన్నాడు. మంచిగానే అన్నాడు. ఆ మంచితనానికే రోడాకి కళ్ళు నిండాయి.

గుడారంలో రేకు పొయ్యి మీద టీ మరుగుతోంది. ఆడవాళ్ళు కుందేలు పులుసులో రొట్టె ముంచుకుని తింటున్నారు. రోడా తినలేదు. చాలాసేపు కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా, నేలమీద పరిచిన రెమ్మలతో చెప్పినట్టు చెప్పింది.

"నేను తప్పుగా ఎంచుకున్నాను. భయంతో ఎంచుకున్నాను. నాకు తెలియలేదు మామ్మా."

మామ్మ టీ చివరి గుక్క తాగి, కప్పు పక్కన పెట్టింది. ఎంచుకోబోయే మనిషికి ఆమె చెప్పదు. నేనే తప్పు చేశానన్న మనిషికి మాత్రం చెప్పకుండా ఉండదు.

"బిడ్డని కట్టుకో. బయటికి రా. చెప్పులొద్దు."

బయట గుబురు చాటున గాలి అంతగా లేదు. నిన్న తొక్కి గట్టిచేసిన బాట మీద రాత్రి పడిన కొత్త మంచు జానెడు మందాన, వేలు తగలని పాలమీగడలా ఉంది. నడవమంది మామ్మ. రోడా ఉత్త తోలుజోళ్ళతో, వీపున ఐవీతో, పదిహేనడుగులు నడిచి ఆగింది. తిరిగి చూస్తే మామ్మ ఆ అడుగుల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతితొడుగు తీసేసి, ఆ చలిలో ఉత్త చేత్తో, కుడి అడుగుకీ ఎడమ అడుగుకీ మధ్య ఎడం వేళ్ళతో కొలిచింది. అడుగు లోపలికి వేలు దింపి మడమ లోతు చూసింది, మునివేళ్ళ లోతు చూసింది. ఒక్కో అడుగు దగ్గరా ఆగి, ఉత్తరం చదివినట్టు చదివింది. చలికి ఆమె వేళ్ళు ఎర్రబడి, తర్వాత తెల్లబడ్డాయి. ఆమె వాటిని పట్టించుకోలేదు.

"పదిహేను అడుగుల్లో అయిదుసార్లు వెనక్కి చూశావు," అంది చివరికి.

రోడా గతుక్కుమంది. నడిచినంతసేపూ మామ్మ తనవైపు చూడనే లేదు. గుడారం తాడు బిగిస్తూ అటు తిరిగి ఉంది.

"ప్రతి మూడో అడుగుకీ మడమ మెలి తిరిగింది చూడు. ఇదిగో. మళ్ళీ ఇదిగో. ఊపిరి చూసుకుంటున్నావు పిల్లది."

రోడా వంగి చూసింది. ఉంది. తెల్లటి మంచులో, మూడుకొకటి చొప్పున, చిన్న మెలిక. ఆసుపత్రినుంచి వచ్చిన నాటినుంచి ఎవరికీ చెప్పుకోని భయం అంతా అక్కడ నేలమీద అచ్చుపడి ఉంది.

"నువ్వు సన్నగా నడుస్తావు," అంది మామ్మ లేస్తూ. "తాడు మీద నడిచినట్టు. బిడ్డనెత్తుకుంటే ఇంకా సన్నగా నడుస్తావు, కాళ్ళు దగ్గరికి చేరతాయి. నీ పాదాన్నీ నీ బరువునీ కొలుచుకున్నావు గాని, ఈ ఎడం కొలుచుకోలేదు. చెప్పు ఈ ఎడంలో ఇమడాలి."

గొడ్డలి తీసుకుని చెట్లలోకి వెళ్ళిపోయింది. కట్టెలకేమో అనుకుంది రోడా.

*

మామ్మ తెచ్చినవి కట్టెలు కావు. బొటనవేలికన్నా కాస్త లావున్న బాగా వంగే జాతి లార్చి చెట్టు లేత మొక్కలు రెండు, మనిషి ఎత్తుకి రెట్టింపు పొడుగు, ఎక్కడా ముడి లేనివి. చట్రం చెయ్యడం మగాళ్ళ పని, అల్లడం ఆడవాళ్ళ పని అని ఇక్కడి ఆనవాయితీ. తాత పోయిన ఏడే మామ్మ ఆ మాటని మంచులో పాతేసింది.

మంచు పట్టిన కొమ్మ వంచితే గాజులా విరుగుతుంది. అందుకని ముందు వాటిని పొయ్యి పక్కన పడుకోబెట్టింది. వేడినీళ్ళలో తడిపిన గుడ్డలు చుట్టి, చుట్టూ తిప్పుతూ, జ్వరం వచ్చిన పిల్లని చూసుకున్నట్టు చూసుకుంది. ఆమె కూర్చున్న తీరు చూస్తే తొందరున్నట్టు లేదు, తీరిక ఉన్నట్టూ లేదు. బెరడు చెమర్చింది. వంకర కత్తి తనవైపుకి లాగుతూ చెక్కితే, పలచటి చెక్కపేళ్ళు ఉంగరాలై ఒళ్ళో రాలాయి, ఐవీ వాటిని వేళ్ళకి తొడుక్కుంది. ఒక చోట ఎక్కువ చెక్కింది, ఒక చోట తక్కువ. కొలత కర్ర లేదు. మధ్యమధ్య కళ్ళు మూసుకుని కర్రని రెండు చేతులమీదా తూచింది, అంతే. తర్వాత మోకాలు ఆనించి వంచడం మొదలుపెట్టింది. రోడా ఊపిరి బిగబట్టింది. కర్ర చిన్నగా మూలిగింది గాని విరగలేదు. వంగి వంగి, ముక్కు గుండ్రంగా తిరిగి, తన తోకని తానే కలుసుకుంది.

"పట్టుకో," అంది మామ్మ. తాను పట్టుకున్న ఆ చట్రం చేతుల్లో బతికున్నదానిలా అదురుతోంటే, రోడా ఆ పూటంతా కట్లు ఆరేదాకా కదల్లేదు.

మర్నాడూ తుపాను తగ్గలేదు. అల్లిక మొదలైంది. దుప్పి పచ్చితోలు దారం ఉండ వేడినీళ్ళలో నానేసరికి మెత్తగా, జిగురుగా, పేగులా అయింది. మామ్మ ఒక చెప్పు, ఫ్లోరీ ఒక చెప్పు. రెండు కొసలూ మొనతేలి, మధ్యన కన్నున్న ఎముక సూది వాళ్ళ వేళ్ళ మధ్య చేపపిల్లలా ఈదుతోంది. మీదనుంచి, కిందనుంచి, మెలిపెట్టి, లాగి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒకరి పని ఒకరు చూడటం లేదు. ఫ్లోరీ అయితే పక్కూరి పాస్టరు పందెంలో ఓడి గడ్డం గీయించుకున్న కథ చెబుతోంది. అయినా కుడిదాంట్లో పడ్డ కన్నే ఎడమదాంట్లోనూ పడుతోంది, అద్దంలో పడ్డట్టు. మధ్యాహ్నానికి ముక్కు భాగంలో, ఎవరూ ఏమీ అనుకోకుండానే, రెండిట్లోనూ ఒక్కో చిన్న వజ్రం ఆకారం తేలింది.

అదెందుకని అడిగింది రోడా.

"దుప్పికి," అంది మామ్మ. తన తోలు అందంగా తిరిగి అడవిలోకి వస్తే దానికి సంతోషమట. లేకపోతే వేటగాడికి మళ్ళీ తన ఒళ్ళు ఎందుకిస్తుంది?

రోడా ఆ వజ్రం వంక చూస్తూ ఉండిపోయింది. ఒక జంతువు చర్మం, ఒక చెట్టు ఎముక, ఒక ముసలామె వేళ్ళు. నిన్న పొద్దున ఇవి మూడూ మూడు చోట్ల ఉన్నాయి. ఇప్పుడు తన ఒళ్ళో తన నడక తయారవుతోంది. ఆసుపత్రిలో యంత్రాలు చూసినప్పుడు కూడా ఆమెకి నోట మాట రాలేదు, కాని అది వణుకు. ఇది అది కాదు. ఇది లోపల ఏదో పెద్ద తలుపు చప్పుడు లేకుండా తెరుచుకున్నట్టుంది.

మడమ భాగం మిగిలినప్పుడు మామ్మ సూది ఆమె చేతికిచ్చింది. ఎలాగో చెప్పలేదు. రోడా పొద్దుటినుంచి కళ్ళు ఆర్పకుండా చూసిందాన్ని వేళ్ళతో వెతుక్కుంది. మూడుసార్లు తప్పింది, మూడుసార్లు విప్పింది. ఆమె వేసిన కళ్ళు కాస్త వంకరగా వచ్చాయి. మామ్మ ఒకసారి వేలితో మీటింది. డోలు మీద చినుకు పడ్డట్టు చప్పుడైంది. అలాగే ఉంచేసింది.

"ఇంత చిన్నవి," అంది రోడా మెల్లిగా. "మా ఇద్దరినీ మోస్తాయా?"

"ముందు నువ్వు వాటిని మొయ్యాలి గదా. రోజుకి పదివేలసార్లు ఎత్తుతావు. కాలికి తెలియకూడదు ఎత్తినట్టు. తెలిసిందంటే అవి ఇంకెవరివో." మామ్మ అంతకుముందెన్నడూ ఆమెతో ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు. ఆగి, ఇంకొకటి చేర్చింది. "కాస్త మునుగుతావు. మునగనీ. మంచు పట్టుకుంటుంది."

*

అయిదో రోజు పొద్దున కళ్ళు తెరిస్తే నిశ్శబ్దం. తుపాను ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. ఎండ ఎంత తెల్లగా ఉందంటే చెట్ల నీడలు నీలంగా కనబడుతున్నాయి. చలికి గాలిలోని తేమ గడ్డకట్టి, కంటికి ఆనీ ఆననంత సన్నటి మెరుపులై రాలుతోంది. చట్రాలు పొయ్యికి దూరంగా, గుడారం పైకర్రకి వేలాడి, రాత్రికి రాత్రే బిగిసిపోయాయి.

పది గంటలకి క్లేటన్ బండి వచ్చింది. పిండి, టీ, కిరసనాయిలు దింపాడు. ఐవీని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు, నేలకి మాత్రం దించలేదు. రోడా కుంటడం చూశాడు. నొప్పి ఇంకా పూర్తిగా పోలేదు.

"ఎక్కండి ఇద్దరూ," అన్నాడు. "ఒడ్డు దగ్గర దింపి వెళ్ళిపోతాను. మిగతావాళ్ళు రేపు సాయంత్రానికి వస్తారు, అప్పటిదాకా నీ కాలు కూడా నెమ్మదిస్తుంది."

బండి వెనక చెక్క మీద బొచ్చు దుప్పటి మెత్తగా పరిచి ఉంది. రోడా దాన్ని చూసింది. కొత్త చెప్పుల్ని చూసింది. ఆ పెద్ద తెల్లదనం మీద అవి పిల్లల బొమ్మల్లా కనబడ్డాయి. మళ్ళీ పడితే? ఈసారి సరస్సు మధ్యన, గాలిలో, ఎక్కడా చెట్టన్నది లేని చోట పడితే? ఎవరైనా ఒక్క మాట అంటే బాగుండుననిపించింది. మామ్మ తన సామాను తాడు నడుముకి కట్టుకుంటోంది. ఫ్లోరీ కూడా చేతితొడుగులు దులుపుకుంటూ అటు తిరిగింది. మిగతా ఎనిమిదిమందీ ఏదో పనిలో ఉన్నారు. వాళ్ళు ఆమెకి చోటిస్తున్నారని ఈసారి రోడాకి అర్థమైంది.

"పిల్లనివ్వు," అంది మొగుడితో.

ఐవీని వీపుకి కట్టుకుని, శాలువా రెండుసార్లు బిగించి, కొత్త చెప్పుల పట్టీల్లో పాదాలు దూర్చింది. తొక్కని మంచు మీదికి అడుగు వేసింది.

మునిగింది. నాలుగు వేళ్ళ లోతు. అంతలోనే కింద మంచు చిన్నగా గుర్రుమని, బిగుసుకుని, నిలబెట్టింది. పొడిగా, వదులుగా, ఊదితే ఎగిరిపోయే ఆ పొడి, అల్లిక కింద చేరి అరచేయి అయిపోయింది. రెండో అడుగు మొదటిదాని పక్కనుంచి, దాన్ని ముట్టుకోకుండా సాగింది. మూడో అడుగు. కాలెత్తినట్టే తెలియలేదు. నరం పాత నొప్పిని గుర్తుచేసి, తర్వాత తనే మర్చిపోయింది.

తాత చెప్పుల్ని క్లేటన్ బండికి కట్టుకుని, టోపీ సర్దుకుని, ఊరివైపు వెళ్ళిపోయాడు. బండి చప్పుడు చెట్లలో కలిసిపోయేదాకా రోడా వెనక్కి తిరగలేదు.

మర్నాడు మధ్యాహ్నం సరస్సు మీదికి దిగారు. దాన్ని చూడటం ఆమెకి అదే మొదలు. చెట్లు అయిపోయాయి, గట్టు అయిపోయింది, ఆ తర్వాత ఇంకేమీ లేదు. తెలుపు, దానిమీద నీలం, వాటి మధ్య గీత. ఆ గీత దగ్గర ఎక్కడో ఆవలి ఒడ్డు ఉందట. తొమ్మిదిమంది మనుషులు తొమ్మిది ఆవగింజలు. భయం రావాల్సిన చోటే అది. వచ్చింది కూడా. కాని అది ఎంత చిన్నదో ఆ వెడల్పులో నిలబడితే తెలిసింది.

రెండు గంటలు నడిచాక సరస్సు మాట్లాడింది. ముందు ఎక్కడో చాలా దూరాన, భూమి గొంతు సవరించుకున్నట్టు. తర్వాత ఆ శబ్దం చలికి బిగుసుకుంటున్న మంచుగడ్డ లోపలినుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, వాళ్ళ పాదాల కిందనుంచి, చట్రాల్లోంచి, మోకాళ్ళలోంచి, పళ్ళలోంచి దూసుకుపోయి, వెనక గట్టుకి తగిలి మళ్ళీ తిరిగి వెళ్ళింది. రోడా కొయ్యబారిపోయింది. ముందు నడుస్తున్న మామ్మ కూడా ఆగింది. భయపడి కాదు. పెద్దవాళ్ళు గదిలోకి వస్తే నిలబడతామే, అలా నిలబడింది. తొమ్మిదిమందీ నిలబడ్డారు. ఫ్లోరీ కూడా చెబుతున్న కథ ఆపేసింది.

వీపున ఐవీ కదిలింది. కాసేపు చెవులు రిక్కించి విన్నట్టుంది. తర్వాత తన చిన్న గొంతుతో, లోపలినుంచి, సాగదీసి, "ఊఁ" అంది సరస్సుకి జవాబుగా.

మామ్మ భుజాలు అదిరాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వెనకనుంచి తెలియలేదు. నడక మళ్ళీ మొదలైంది.

ఆవలి ఒడ్డున రెండు గుడారాలు లేచాయి. మర్నాడు పొద్దు పొడిచే వేళకి పెద్ద గుడారం గుమ్మం తూర్పుకి కట్టారు. లోపలినుంచి బయట చిన్న దేవదారు మొక్క దాకా లేత రెమ్మలు పరిచారు. బిడ్డని వాటి మీద నడిపించి, మొక్క చుట్టూ తిప్పి మళ్ళీ లోపలికి తేవాలి. లోపల మామ్మ పొయ్యి పక్కన కూర్చుని ఎదురుచూస్తోంది, కొత్త రొట్టె, కొవ్వు వేసిన దుప్పి మాంసం వాసన తేలుతోంది.

రోడా గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని శాలువా ముడి విప్పింది. రెండు రోజులుగా ఒంటికి అంటుకుని ఉన్న ఆ వెచ్చటి బరువు వీపు మీదనుంచి, భుజం మీదుగా, చేతుల్లోకి జారింది. ఐవీ కాళ్ళు ఆడించింది. ఎర్ర దారం కుట్టిన తోలుజోళ్ళు రెమ్మల మీద ఆనాయి.

సూర్యుడు గీత మీదికి వచ్చాడు. సరస్సంతా ఒక్కసారిగా గులాబీ రంగుకి తిరిగింది, ఆ రంగు ఆగకుండా పరిగెత్తుకొచ్చి పిల్ల పాదాల దాకా చేరింది. ఐవీ కింద చూసుకుంది. ఒక కాలెత్తింది. ఆ కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఉంచి, అమ్మ మొహంలోకి చూసింది.

రోడా చూపుడువేలు అందించింది. పిల్ల దాన్ని గట్టిగా పట్టుకుని, అడుగు వేసింది.